నల్లనీళ్లు తేటపడేదాకా

పోయిన వారం త్రివేణిని లేబరేటరీ బల్ల ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం, ఏడు రోజులుగా అట్లాగే నిలబడి ఉంది. ఎదురుగా నెలవారీ నివేదిక. అందులో 'ఫినాల్' అన్న గడి పక్కన 'లేదు' అని ముందే టైపు చేసి పెట్టారు. రంగుల ముడిసరుకు తయారీలో మిగిలిపోయే విషం అది. కింద కెమిస్టుగా తను సంతకం చేస్తే నాచారంలోని ఆ ఫ్యాక్టరీ నిశ్చింతగా నడుస్తుంది. చేయకపోతే ఏమవుతుందో ప్లాంటు మేనేజరు నరసింహమూర్తి గొంతు పెంచకుండానే చెప్పాడు.

"నీ ఒక్కదాని ఉద్యోగమే కాదమ్మా. బాయిలరు దగ్గర ఉపేందర్ కూడా ఉన్నాడు. ఆలోచించుకో."

ఉపేందర్ త్రివేణి భర్త. అన్నోజిగూడ నుంచి రోజూ ఇద్దరూ ఒకే బండి మీద వస్తారు. ఇవాళ కూడా అట్లాగే వచ్చారు.

గదిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. కాలుష్యం తనిఖీకి వచ్చిన ప్రభుత్వ ఇంజనీరు కమలకుమారి కిటికీ దగ్గర నోటుబుక్కు పట్టుకుని నిలబడింది. వచ్చినప్పటి నుంచి ఆవిడ నోరు విప్పింది రెండే సార్లు. ఆ లోటు కూడా కలిపి తీర్చేస్తున్న మనిషి ఉప్పలమ్మ. ఫ్యాక్టరీ గోడ వెనక బస్తీలో ఉంటుంది. గేటు దగ్గర గంటన్నర కొట్లాడి, చంకలో బిందెతో సహా లోపలికి వచ్చింది.

త్రివేణి నివేదికను బోర్లా తిప్పి పెట్టింది. ముందు నీళ్లు చూద్దామనీ, కాగితం సంగతి తర్వాత చూద్దామనీ చెప్పింది.

నరసింహమూర్తి నవ్వాడు. చూసేవాళ్లకు మంచివాడి నవ్వే అది. ఎనిమిదేళ్ల కింద బీఎస్సీ పట్టా పట్టుకుని వచ్చిన ఘట్‌కేసర్ పిల్లకు బ్యూరెట్టు పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఊరు వెళ్లి వచ్చినప్పుడల్లా కాకినాడ కాజాల పొట్లం మొదట ఆమె బల్ల మీదే విప్పేవాడు. అందుకే త్రివేణికి ఇవాళ కోపం కన్నా ముందు బాధ వచ్చింది. బాధ వెనకే కోపం రెట్టింపై వచ్చింది.

ఆయన ఇంజనీరు వైపు తిరిగి ఓపిగ్గా వివరించాడు. బస్తీ బోరు నీళ్లు కంపు కొట్టిన మాట నిజమేననీ, కానీ అది మున్సిపాలిటీ వాళ్లు కుమ్మరించిన బ్లీచింగ్ పౌడర్ వల్లేననీ, కావాలంటే ఈ ఉప్పలమ్మనే అడగమనీ అన్నాడు. బ్లీచింగ్ ఆపగానే వాసన పోయిందని బస్తీ అంతా చెప్పుకుంటున్నారట.

అదీ నిజమే. దసరా ముందు బోరు ట్యాంకులో బ్లీచింగ్ వేసిపోయిన మర్నాటి నుంచి నీళ్లు దవాఖానా వాసన కొట్టాయి. చాయ్ తాగితే డెట్టాలు తాగినట్టే ఉండేది. మళ్లీ బకెట్టుతో వచ్చిన మున్సిపాలిటీ మనిషి ఉమామహేశ్వర్‌ను ఉప్పలమ్మ చీపురు తీసుకుని సందు చివరి దాకా తరిమింది. అతను మళ్లీ ఆ పక్కకు రాలేదు, వాసనా రాలేదు. నీళ్లు బాగుపడ్డాయని అందరూ సంబరపడ్డారు. పిల్లల కడుపునొప్పులూ, పెద్దవాళ్ల నోట్లో పుండ్లూ మాత్రం తగ్గలేదు. వాటికి ఎండను తిట్టుకున్నారు, ఎండ తగ్గాక చలిని తిట్టుకున్నారు.

త్రివేణి ఉప్పలమ్మ చేతిలోంచి బిందె అందుకుంది. ఒక గాజు సీసాలో ఆ బోరు నీళ్లు పోసింది. ఇంకో సీసాలో లేబరేటరీ నల్లా నీళ్లు పట్టింది. రెంటిలోనూ ఒకే కొలత బ్లీచింగ్ వేసి మూత పెట్టింది. కాసేపయ్యాక మూతలు తీసి ఉప్పలమ్మ ముక్కు దగ్గర పెట్టింది. నల్లా నీళ్ల సీసా వాసన చూసి ముసలామె మామూలుగానే తల ఊపింది. బోరు నీళ్ల సీసా దగ్గరికి రాగానే మొహం పక్కకు తిప్పుకుని కొంగు అడ్డం పెట్టుకుంది.

"బ్లీచింగ్ రెంట్ల ఒక్కతీరుగనే ఏసిన పెద్దమ్మా. వాసనొచ్చింది ఒక్కదాంట్లనే," అన్నది త్రివేణి. "నీళ్లల్ల ఫినాల్ ఉంటే, బ్లీచింగ్ తగిలినంక గిట్ల కంపు లేస్తది. ఉత్తగుంటే ముక్కుకు తెలువది. బ్లీచింగ్ తప్పు చేయలే. దొంగను పట్టిచ్చింది."

ఉప్పలమ్మ మాట్లాడే ముందు ఆలోచించింది. అది ఆమె జీవితంలో అరుదైన ఘట్టం. తర్వాత మెల్లగా అన్నది, "అంటే ఉన్నది జెప్పెటోన్ని ఎల్లగొట్టి, రెండు నెలల సంది గీ నీళ్లే పోరగాండ్లకు తాపిచ్చిన్నా నేను?"

ఆమె కళ్లు తుడుచుకోలేదు. బల్ల పక్కన ఉన్న స్టూలు లాక్కుని నరసింహమూర్తికి ఎదురుగా కూర్చుంది. ఇక ఈ సంగతి తేలేదాకా తను కదిలే మనిషి కాదని అందరికీ అర్థమైంది.

ముక్కు సాక్ష్యం ప్రభుత్వానికి చాలదు కదా. త్రివేణి బోరు నీళ్లు పరీక్షనాళికలో పోసి, ఫినాల్‌ను పట్టిచ్చే మందులు రెండూ వరసగా చుక్కలు వేసింది. నీళ్లు మొదట లేత గులాబీ రంగుకు తిరిగి, చూస్తుండగానే ఎర్రబడ్డాయి. కమలకుమారి దగ్గరికి వచ్చి, నాళికను వెలుతురుకు ఎత్తి చూసి, నోటుబుక్కులో రాసుకుంది.

నరసింహమూర్తి కంగారు పడలేదు. ఈ పారిశ్రామికవాడలో ఎన్ని ఫ్యాక్టరీలు లేవు, అందరి పాపం మా నెత్తిన ఎందుకు రుద్దుతారు అన్నాడు. మా గొట్టం నుంచి బయటికి పోయే నీళ్లు పట్టుకొచ్చి ఇక్కడే, నీ చేత్తోనే పరీక్ష చెయ్యి అన్నాడు. ఇంజనీరు స్వయంగా వెళ్లి సీసా నింపుకొచ్చింది. త్రివేణి అవే చుక్కలు వేసింది.

రంగు మారలేదు. అయిదు నిమిషాలు ఆగారు, పది నిమిషాలు ఆగారు. నాళికలో గులాబీ ఛాయ కూడా లేదు.

"చూశావా అమ్మా," అన్నాడు నరసింహమూర్తి. "ఆ నివేదికలో అబద్ధం ఏముంది? నీ పరీక్షే చెప్పింది."

త్రివేణి నాళికను మళ్లీ వెలుతురుకు ఎత్తి చూసింది. నిజంగానే అబద్ధం లేదు. ఇప్పుడు సంతకం చేస్తే ఎవరూ వేలెత్తి చూపరు. ఉద్యోగాలు రెండూ ఉంటాయి. ఉప్పలమ్మ బిందె ఎత్తుకుని ఇంకో ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోతుంది. కానీ ఆ సీసాలో నీళ్లు మరీ తెల్లగా, మరీ మంచివాడిలా ఉన్నాయి. ఎనిమిదేళ్లుగా ఈ ఫ్యాక్టరీ నీళ్లతోనే ఆమె కాపురం. ఎంత శుద్ధి చేసినా అవి అంత బుద్ధిగా ఎప్పుడూ లేవు.

ఆమెకు ఉప్పు గుర్తొచ్చింది. ఫినాల్‌ను విరగ్గొట్టవచ్చు గానీ ఈ ప్లాంటులో ఉప్పును ఏమీ చేయలేరు. లోపల వాడిన నీళ్లయితే ఉప్పు ఉండి తీరాలి. సిల్వర్ నైట్రేట్ సీసా తీసి రెండు చుక్కలు వేసింది. ఫ్యాక్టరీ నీళ్లయితే పాలు విరిగినట్టు తెల్లగా గడ్డలు కట్టాలి. ఇక్కడ సన్నటి మసక తప్ప ఏమీ రాలేదు. పక్కనే నల్లా నీళ్లు పెట్టి అవే చుక్కలు వేస్తే అంతే మసక వచ్చింది.

"ఇవి మన నీళ్లు కాదు మేడమ్," అన్నది ఇంజనీరుతో. "గొట్టంల నల్లా నీళ్లు వదిలి మీకు సూపెట్టిన్రు."

కమలకుమారి అప్పుడు మూడోసారి నోరు విప్పింది. "అయితే అసలు నీళ్లు ఏమవుతున్నాయండీ నరసింహమూర్తిగారూ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. శుద్ధి ట్యాంకు పనిచేయడం లేదని ఒప్పుకున్నాడు. ఈ నీళ్లు అందులో బాగుపడేవి కావనీ, ముప్పై ఏళ్ల అనుభవంతో చెబుతున్నాననీ, అనుమానం ఉంటే ఆపరేటరును పిలిచి అడగమనీ అన్నాడు. జనగామ వైపు నుంచి వచ్చి పదిహేనేళ్లుగా ఆ ట్యాంకుల దగ్గరే పనిచేస్తున్న బాలరాజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. త్రివేణి వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఏదో కోపం ఉన్న మనిషిలా ఉన్నాడు.

ఇంజనీరు అడిగితే చెప్పాడు. వానాకాలంలో త్రివేణి సెలవులో ఉన్నప్పుడు కొత్త పద్ధతి మొదలుపెట్టారట. అన్నభేది అనే ఇనుపలవణం కలిపి, పెరాక్సైడ్ పోయమన్నారు. పోశాడు. కొంచెం పోయగానే నీళ్లు బొగ్గు కలిపినట్టు నల్లబడ్డాయి. అప్పటిదాకా ఎర్రమట్టి రంగులో ఉన్న నీళ్లు అట్లా అయ్యేసరికి ఖరాబు చేశానని భయపడి ఆపేశాడు. మేనేజరు కూడా చూసి బంద్ చేయమన్నాడు. అంతే, ఆ ట్యాంకు మళ్లీ తిరగలేదు.

త్రివేణికి తన నెత్తి తనే కొట్టుకోవాలనిపించింది. నల్లబడటం చెడిపోవడం కాదు. ఫినాల్ విరగడం మొదలుపెట్టిందని గుర్తు. సగం దారిలో ఆపితే ఇంకా పాడు సరుకు తయారవుతుంది. ఇంత ముఖ్యమైన ముక్క పోసే మనిషికి ఎవరూ చెప్పలేదు. పుస్తకం చదివినవాళ్లు తామే కాబట్టి తామే చెప్పి ఉండాల్సింది.

"ట్యాంకు నీళ్లు ఒక బకెట్టు తీసుకరా అన్నా," అన్నది. "ఇయ్యాల ఆపద్దు."

బీకరులో ఆ ఎర్రటి నీళ్లు పోసి ఆమ్లంతో పులుపెక్కించింది. అన్నభేది వేసి కలియబెట్టింది. పెరాక్సైడ్ సీసా బాలరాజు చేతికే ఇచ్చి, చుక్కచుక్కగా వదలమన్నది. నాలుగో నిమిషంలో నీళ్లు గోధుమరంగు దాటి కాటుకలా నల్లబడ్డాయి. ఉప్పలమ్మ అయ్యో అన్నది. బాలరాజు చెయ్యి ఆగిపోయింది. నరసింహమూర్తి ఇంజనీరు వైపు చూసి పెదవి విరిచాడు.

"పొయ్యి అన్నా. నల్లగైనా పొయ్యి."

పోశాడు. బీకరు వేడెక్కింది. బుడగలు లేచాయి. మేనేజరు రెండుసార్లు గడియారం చూసి, ఇది టైము వృథా అన్నాడు. త్రివేణికి లోపల భయం లేదని కాదు, ఉంది. నీళ్లు నల్లగానే ఉండిపోతే ఈ రోజుతో తన పని అయిపోయినట్టే. అయినా చేతిలోని గాజుకడ్డీ ఆపలేదు. పావుగంట దాటాక బీకరు అంచున నలుపు పలచబడింది. గోధుమరంగు వచ్చింది, తర్వాత పలచటి చాయ్ రంగు, చివరికి లేత పసుపు. ఇంకాసేపు కాగనిచ్చి, సున్నం వేసి తేర్చి, వడగట్టి అందులో మళ్లీ ఆ పరీక్ష చుక్కలు వేసింది. గులాబీ రాలేదు.

సిల్వర్ నైట్రేట్ కూడా వేసి చూపింది. ఈసారి తెల్లగా గడ్డకట్టింది. ఇవి అచ్చంగా ఫ్యాక్టరీ నీళ్లే. బాగుపడతాయి కూడా.

బాలరాజు బీకరును రెండు చేతులతో ఎత్తి చూసుకున్నాడు. "ఇంకో అర్ధగంట పోస్తే అయిపోతుండె," అని తనలో తనే అనుకున్నాడు. ఆ గొంతులో సంతోషం కన్నా దుఃఖమే ఎక్కువ ఉంది.

అక్కడ నరసింహమూర్తి మొదటిసారి గొంతు పెంచాడు. "ప్రత్యేక రాష్ట్రం కావాలని సమ్మె చేసింది ఎవరు? మీరు. నలభై రెండు రోజులు బస్సుల్లేవు, ఈ నీళ్లు మోసుకెళ్లే ట్యాంకర్లు కదల్లేదు. లోపల నీళ్లు నిండిపోతుంటే నన్నేం చేయమంటావు? నెత్తిన పెట్టుకోనా?"

"సమ్మె జేసింది గూడ మా నీళ్ల కోసమే సార్," అన్నది త్రివేణి. "నెత్తిన పెట్టుకోలేదు గదా. మరి ఎక్కడ పెట్టిన్రు?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. అప్పటికే మాట బయటపడింది. కమలకుమారి నోటుబుక్కులోంచి తల ఎత్తి అదే ప్రశ్న మళ్లీ అడిగింది. ఆయన కిటికీ వైపు తిరిగాడు. త్రివేణి బాలరాజును అడిగింది.

"నన్నెందుకు అడుగుతవ్ చెల్లె?" అన్నాడు బాలరాజు. పొద్దుటి నుంచి దాచుకున్న కోపం అప్పుడు పైకి వచ్చింది. "చిట్టీలు ఇచ్చింది నువ్వే గదా."

ఆ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. కెమిస్టు సంతకం చేసిన చిట్టీ చేతికి రానిదే ఆపరేటరు వాల్వు ముట్టుకోడు. దేవుడు దిగివచ్చి చెప్పినా తిప్పడు. బాలరాజు చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని చిట్టీలు బల్ల మీద పరిచాడు. ముప్పై ఒకటి ఉన్నాయి. అన్నిటి మీదా నరసింహమూర్తి గుండ్రటి దస్తూరిలో ఒకటే మాట. రెండో ట్యాంకు నీళ్లు శుద్ధి అయినవి, బాయిలరు వెనక పాత బోరులోకి వదలవచ్చు. అన్నిటి కిందా త్రివేణి సంతకం.

త్రివేణికి అప్పుడు గుర్తొచ్చింది. సమ్మెలో తను అన్నోజిగూడ దాటి రాలేకపోయింది. బాయిలరు వదిలి రావడానికి లేదని ఉపేందర్ మాత్రం ఫ్యాక్టరీలోనే ఉండి, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. ఒకసారి వచ్చినప్పుడు ఒక ఖాళీ చిట్టీల పుస్తకం తెచ్చాడు. పని ఆగకూడదని మేనేజరు పంపాడన్నాడు. అందులో యాభై చిట్టీలు. సమ్మెల్లో, పండగ సెలవుల్లో అట్లా ముందే సంతకాలు చేసి ఇవ్వడం అక్కడ అందరికీ అలవాటే. టీవీలో ఊరేగింపు చూస్తూ, ఒడిలో పెట్టుకుని యాభైకీ చేసేసింది. ఒక్కదాని మీద కూడా ఏం రాస్తారని అడగలేదు.

"నీ పేరు బయటికొస్తే జైలుకు పోతవని గిన్ని దినాలు నోరు మూస్కున్న," అన్నాడు బాలరాజు. "నువ్వేమో అందరి ముందట నన్నే అడిగితివి."

నరసింహమూర్తి లేచి త్రివేణి దగ్గరికి వచ్చాడు. గొంతు మళ్లీ మెత్తబడింది. ఆ సంతకాలు నీవి కావని చెప్పమ్మా అన్నాడు. ఎవరో ఫోర్జరీ చేశారను, నీకేమీ కాదు, నాకు వదిలెయ్యి అన్నాడు. ఆ 'ఎవరో' ఎవరవుతారో త్రివేణికి తెలుసు. చిట్టీలు దొరికింది బాలరాజు జేబులో.

ఆమె ఇంజనీరు వైపు తిరిగింది. "ఆ సంతకాలు నావే మేడమ్. రాసుకోండి."

"జాగ్రత్తమ్మా," అన్నది కమలకుమారి. "నేను ఇది రాసుకుంటే కేసులో మొదటి పేరు మీదే అవుతుంది."

"కానియ్యండి. ఖాళీ చిట్టీల మీద సంతకం పెట్టుడు నా తప్పే. దానికి ఏం శిక్ష పడితే అది పడనీ. బాలరాజన్న చిట్టీ చూసే వాల్వు తిప్పిండు, అది గూడ రాయండి. గా పైన రాత ఎవరిదో సార్‌నే అడగండి. ముందుగాల బోరు కాడికి పోదాం నడువుండ్రి."

ఉప్పలమ్మ స్టూలు మీంచి లేచి బిందె చంకనెత్తుకుంది. ఎవరూ ఆమెను రమ్మనలేదు, వద్దనే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది.

బాయిలరు షెడ్డు వెనక గోడకూ కాంపౌండుకూ మధ్య మనిషి పట్టేంత సందు ఉంది. దాని చివర, తుప్పు పట్టిన రేకు కింద పాత బోరు. గోడకు అవతల బస్తీ బోరు నలభై అడుగుల దూరంలో కూడా ఉండదు. బోరు మీదికి వంగిన గొట్టం మీద ఉప్పలమ్మ చెయ్యి వేసి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"వణుకుతున్నది బిడ్డా."

త్రివేణి చెయ్యి పెట్టి చూసింది. లోపల నీళ్లు పోతున్నాయి. తాము అరగంట సేపు ఒక బీకరు నీళ్లు తేటపరుస్తున్నప్పుడు కూడా ఇక్కడ నీళ్లు భూమిలోకి పోతూనే ఉన్నాయన్న మాట. బాలరాజు ముఖం పాలిపోయింది. సమ్మె అయిపోయిన రోజే తను ఈ వాల్వు బంద్ చేశాననీ, మళ్లీ ఈ పక్కకే రాలేదనీ ప్రమాణం చేసి చెప్పాడు. త్రివేణి నమ్మింది. ముప్పై ఒకటి పోగా ఇంకా పందొమ్మిది చిట్టీలు ఎక్కడో ఉన్నాయి.

ఒకటి అక్కడే ఉంది. వాల్వు చక్రానికి కట్టిన తీగకు గుచ్చి ఉంది. కమలకుమారి దాన్ని జాగ్రత్తగా తీసి చదివింది. తేదీ ఇవాళ్టిదే. కింద త్రివేణి సంతకం. పైన రాసిన దస్తూరి మాత్రం నరసింహమూర్తిది కాదు. నిలువు గీతలు, ఒకదాని మీద ఒకటి పడినట్టున్న అక్షరాలు.

త్రివేణి ఆ కాగితం చూసింది. ప్రతి నెలా మొదటి వారం తన ఇంటి కిరాణా సామాను చిట్టీ మీద చూసే అక్షరాలవి.

షెడ్డు వెనక తలుపు తెరుచుకుంది. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ఉపేందర్ బయటికి వచ్చాడు. ఇంతమందిని ఒక్కసారి చూసి ఆగిపోయాడు. ఇంజనీరు చేతిలోని చిట్టీని చూశాడు. తర్వాత భార్యను చూసి, ఎవరికీ కనపడనంత మెల్లగా, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఈ రాత ఎవరిదో మీకు తెలుసా త్రివేణిగారూ?" అని అడిగింది కమలకుమారి.

త్రివేణి గొట్టం మీంచి చెయ్యి తీయలేదు.

"తెలుసు మేడమ్," అన్నది.